ఎలిజబెత్ రాణి మీద కాథలిక్ కుట్రలు నిజంగా జరిగినవేనా, లేక వాల్సింగమ్ అల్లించినవా?

సిరాబుడ్డి:

అందరికీ నమస్కారం. కొంతకాలంగా ట్యూడర్ల చరిత్ర చదువుతున్నా, ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ రాణి మొదటి ఎలిజబెత్ మీద జరిగిన కాథలిక్ కుట్రల దగ్గరకొచ్చేసరికి ఒక అనుమానం పట్టుకుంది, ఎంతకీ వదలట్లేదు. 1571లో రిడాల్ఫీ కుట్ర, 1583లో త్రోక్‌మార్టన్ కుట్ర, 1586లో బాబింగ్టన్ కుట్ర. మూడూ దొరికిపోయాయి, మూడింట్లోనూ ఉత్తరాలు సర్కారు చేతికి చిక్కాయి, రాణికి మాత్రం చిన్న గాయం కూడా కాలేదు. బాబింగ్టన్ కేసులో అయితే ఉత్తరాలు మోసిన గిల్బర్ట్ గిఫర్డ్ స్వయంగా రాణి గూఢచారుల్ని నడిపిన మంత్రి వాల్సింగమ్ మనిషి, పైగా స్కాట్లాండ్ రాణి మేరీ ఉత్తరం చివర్లో కొన్ని లైన్లు వీళ్ళే దొంగగా రాయించి కలిపారు. ఇదంతా చూస్తుంటే మేరీని వదిలించుకోడానికి వాల్సింగమ్, రాణి ముఖ్య సలహాదారు సెసిల్ కలిసి పన్నిన వలలాగే కనిపిస్తోంది నాకు.

ఇంకో డౌట్ కూడా ఉంది. మేరీ అంత ప్రమాదకరమైతే 19 ఏళ్ళు ఇంగ్లండ్‌లోనే బందీగా ఎందుకు ఉంచుకున్నారు? ఫ్రాన్స్ పంపించేస్తే పీడ వదిలేది కదా, లేదా 1572లో పార్లమెంటు ఆమె తల అడిగినప్పుడే ఒప్పుకుని ఉండొచ్చు కదా. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, ఒక్క ముక్కలో తేల్చేయకండి ప్లీజ్.

తాళపత్రం:

సిరాబుడ్డి గారూ, వల పన్నారన్న మాట బాబింగ్టన్ వరకు చాలా మటుకు నిజమే, కానీ అక్కడినుంచి వెనక్కి వెళ్ళి అన్నీ అల్లినవే అనడం కుదరదండి. మొదటినుంచి చూడాలి ఇది, 1586 దగ్గర మొదలుపెడితే అర్థం కాదు.

కాథలిక్కుల లెక్కలో ఎలిజబెత్ అసలు రాణే కాదు. ఎనిమిదో హెన్రీ మొదటి భార్య కేథరిన్ బతికుండగానే యాన్ బొలీన్‌ని చేసుకున్నాడు, రోమ్‌లోని పోపు ఆ పెళ్ళిని ఒప్పుకోలేదు, కాబట్టి 1533లో పుట్టిన ఎలిజబెత్ అక్రమ సంతానం. అలాంటప్పుడు సింహాసనం ఎవరిది? హెన్రీ అక్క మార్గరెట్ మనవరాలు మేరీ స్టువర్ట్‌ది, అంటే ఈ స్కాట్లాండ్ రాణి మేరీదే. అంటే మేరీ ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చున్నా సరే, ఆమె బతికుండడమే ఎలిజబెత్‌కి ముప్పు. 1568 మేలో ఆ మేరీ స్కాట్లాండ్‌లో ఓడిపోయి, చేపల పడవలో సాల్వే ఖాతం దాటి వర్కింగ్టన్‌లో దిగి శరణు అడిగింది. ఏడాదిన్నర తిరక్కుండానే ఉత్తరాదిలో తిరుగుబాటు లేచింది.

ఆ 1569 తిరుగుబాటు ఏ గూఢచారీ అల్లింది కాదు. నార్తంబర్లాండ్, వెస్ట్‌మోర్లాండ్ ప్రభువులు (ఎర్ల్‌లు) ఇద్దరూ జనాన్ని వెంటేసుకుని నవంబర్ 14న డర్హామ్ కెథీడ్రల్‌లోకి వచ్చి ఇంగ్లిష్ బైబిల్, ప్రార్థన పుస్తకం చించేసి, లాటిన్‌లో దివ్యబలి పూజ చేయించారు. దాదాపు 6000 మంది పోగయ్యారు. టట్‌బరీలో ఉన్న మేరీని విడిపించాలని ప్లాన్, కానీ వీళ్ళు వచ్చేలోపే ఆమెని హడావుడిగా కావెంట్రీకి తరలించారు, ఇక వీళ్ళు సగం దారిలో వెనక్కి తిరిగిపోయారు. తర్వాత సర్కారు తీర్చుకున్న కక్ష మామూలుది కాదు, దాదాపు 700 మందిని ఉరి తియ్యమని ఆదేశాలు వెళ్ళాయి, చివరికి తీసింది అంతకంటే తక్కువే అయినా ఉత్తరాదిలో ఊళ్ళకి ఊళ్ళు ఆ భయంలో బతికాయి. పోయినవాళ్ళలో ఎక్కువమంది పేదవాళ్ళు, ఆస్తులున్నవాళ్ళు చాలామంది జరిమానాలు కట్టి బయటపడ్డారు. నాకు ఈ భాగం చదివినప్పుడల్లా కడుపు రగులుతుంది, పిలిచిన ఎర్ల్‌లు సరిహద్దు దాటి పారిపోతే నమ్మి వెంట వెళ్ళిన జనం ఊరి చివర ఉరికంబాలకి వేలాడారు.

అసలు దెబ్బ దాని తర్వాత పడింది. 1570 ఫిబ్రవరి 25న ఐదో పయస్ పోపు ఎలిజబెత్‌ని మతం నుంచి వెలివేస్తూ, ఆమె రాణి కాదు, ఆమె ప్రజలెవరూ ఆమె మాట వినక్కర్లేదు, వింటే వాళ్ళకీ అదే శిక్ష అని ఆజ్ఞ జారీ చేశాడు. ఎప్పుడు చేశాడు చూడండి, తిరుగుబాటు అణిగిపోయాక! రావాల్సిన టైమ్‌లో రాలేదు, వచ్చాక ఎవరికీ ఉపయోగపడలేదు. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కి కూడా ముందు చెప్పలేదు, ఆయనకి కోపమొచ్చింది. మే నెలలో జాన్ ఫెల్టన్ అనే ఆయన ఆ ఆజ్ఞ కాపీని లండన్ బిషప్ గారి గేటుకి అంటించాడు, ఆగస్టులో ఆయన ప్రాణం తీశారు. ఆ రోజునుంచి ఇంగ్లండ్‌లో ప్రతి కాథలిక్కూ సర్కారు కళ్ళకి ద్రోహి కాబోయేవాడే అయిపోయాడు. నన్నడిగితే వాల్సింగమ్ చేసిన ఏ పనికన్నా ఈ ఒక్క కాగితం కాథలిక్కులకి ఎక్కువ చేటు చేసింది.

రిడాల్ఫీ సంగతికొస్తే మీ అనుమానానికి కొంచెం ఆధారం ఉంది. ఆయన ఫ్లారెన్స్ బ్యాంకరు, 1569లో పట్టుకుని వాల్సింగమ్ ఇంట్లోనే ఉంచి ప్రశ్నించి వదిలేశారు. అక్కడే మనిషిని తిప్పేశారా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కానీ ఆయన కథ పక్కన పెట్టినా నార్ఫోక్ డ్యూక్ చేసింది మాత్రం చేసిందే. మేరీని పెళ్ళి చేసుకుంటానన్నాడు, స్పెయిన్ సైన్యం దిగితే తోడుంటానన్న కబురుకి తలూపాడు, స్కాట్లాండ్‌లో మేరీ వర్గానికి 600 పౌండ్ల బంగారం పంపించాడు. ఆ సంచీ మోసుకెళ్ళాల్సిన ష్రూస్‌బరీ బట్టల వ్యాపారికి లోపల వెండి అని చెప్పారంట, బరువు చూసి అనుమానమొచ్చి విప్పి చూసి తిన్నగా ప్రభుత్వం దగ్గరకి పట్టుకెళ్ళాడు. డ్యూక్ ఇంటి కప్పు పెంకుల కింద రహస్య లిపిని (సైఫర్‌ని) విప్పే గుర్తుల పట్టిక కూడా దొరికింది. 1572 జూన్ 2న తల తీశారు, అదీ ఎలిజబెత్ వారెంట్ మీద సంతకం పెట్టడం, మళ్ళీ వెనక్కి తీసుకోవడం కొన్నిసార్లు జరిగాక.

రిడాల్ఫీ మాత్రం అప్పటికి విదేశంలో ఉన్నాడు, సొంతూరికి పోయి 1612 దాకా బతికాడు. నెదర్లాండ్స్‌లో స్పెయిన్ సైన్యాన్ని నడిపే ఆల్బా డ్యూక్ ఆయన్ని చూడగానే వీడు వాగుడుకాయ అని రాజుకి రాసేశాడు, ముందు ఎలిజబెత్ చావాలి లేదా పట్టుబడాలి, ఆ తర్వాతే నా సైన్యం కదులుతుంది అన్నాడు. ఈ కుట్రలన్నిట్లోనూ ఇదే గొడవ అండి, లోపలివాళ్ళు బయటి సైన్యం ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు, బయటివాళ్ళు లోపల తిరుగుబాటు లేస్తే వద్దామని కూర్చుంటారు.

కోటగుమ్మం:

తాళపత్రం గారు 1572 దాకా చెప్పేశారు కాబట్టి నేను అక్కడినుంచి అందుకుంటా, ఈ సైఫర్ల భాగం నాకు చాలా ఇష్టం.

ముందు త్రోక్‌మార్టన్. ఇది పూర్తిగా నిజమైన కుట్ర, ఇందులో సందేహం ఏం లేదు. మేరీ మేనమామ కొడుకు గీజ్ డ్యూక్ ఫ్రాన్స్ నుంచి దళాలతో దిగాలి, డబ్బు స్పెయిన్, పోపు ఇవ్వాలి, లండన్‌లో ఉన్న స్పెయిన్ రాయబారి మెండోజా మధ్యలో నడిపించాలి. ఫ్రాన్సిస్ త్రోక్‌మార్టన్ ఉత్తరాలు చేరవేసేవాడు. ఫ్రెంచ్ ఎంబసీ లోపలి మనిషే ఒకడు వాల్సింగమ్‌కి సమాచారం అందించాడు, దాంతో కొన్ని నెలలపాటు అతని మీద కన్నేసి ఉంచి 1583 నవంబర్‌లో పట్టుకున్నారు. ఇంట్లో దిగడానికి అనువైన రేవుల లిస్టు, సాయం చేస్తారనుకున్న కాథలిక్ పెద్దల పేర్ల లిస్టు దొరికాయి. ర్యాక్ మీద పడుకోబెట్టి చేతులూ కాళ్ళూ సాగదీసి నిజం కక్కించారు, 1584 జులైలో చంపేశారు. జనవరిలోనే మెండోజాని దేశం నుంచి వెళ్ళగొట్టారు, ఆ తర్వాత ఎలిజబెత్ బతికినన్నాళ్ళూ లండన్‌లో స్పెయిన్ రాయబారి అనేవాడే లేడు.

అదే జులైలో ఇంకోటి జరిగింది, దీన్ని వదిలేస్తే 1586లో వాళ్ళు అంత తెగించి ఎందుకు ప్రవర్తించారో అర్థం కాదు. 1584 జులై 10న డెల్ఫ్ట్‌లో విలియం ఆఫ్ ఆరెంజ్‌ని, నెదర్లాండ్స్ ప్రొటెస్టెంట్ల నాయకుడిని, ఆయన ఇంట్లోనే బాల్తజార్ జెరార్ అనేవాడు పిస్టల్‌తో కాల్చి చంపాడు. ఆయన తలకి ఫిలిప్ వెల కట్టి ఉన్నాడు అప్పటికే. అంటే రాజుల్ని చంపడం అనేది ఇక మాటల్లో ఉన్న భయం కాదు, పక్క దేశంలో జరిగిపోయింది. వాల్సింగమ్‌కైతే అంతకుముందే, 1572 ఆగస్టులో సెయింట్ బార్తలోమ్యూ రోజున పారిస్‌లో ప్రొటెస్టెంట్లని వేలల్లో నరికేస్తుంటే తను అక్కడే రాయబారిగా ఉన్నాడు, భార్యాబిడ్డలతో సహా. ఆ మనిషి కాథలిక్ కుట్రని ఎలా చూస్తాడో ఊహించుకోండి.

ఆ అక్టోబర్‌లోనే రాణి సలహా మండలి ప్రివీ కౌన్సిల్ బాండ్ ఆఫ్ అసోసియేషన్ అని ఒక ప్రమాణ పత్రం తయారుచేసింది. రాణి మీద హత్యాప్రయత్నం జరిగితే, ఎవరికోసం జరిగిందో వాళ్ళని కూడా వెతికి చంపుతాం అని వేలమంది సంతకాలు పెట్టారు. మేరీ కూడా పెట్టింది! 1585లో దానికి చట్టం రూపం ఇచ్చారు, విచారణకి కమిషన్ వెయ్యాలని చేర్చి. మేరీని చివరికి విచారించింది ఆ చట్టం కిందే.

ఇక బాబింగ్టన్. 1585 డిసెంబర్‌లో గిఫర్డ్ ఫ్రాన్స్ నుంచి వస్తూ రై రేవులో పట్టుబడి వాల్సింగమ్ వైపు తిరిగాడు. సరిగ్గా ఆ నెలలోనే మేరీని చార్ట్‌లీకి మార్చారు. అప్పటిదాకా ఆమెకి బయటినుంచి ఉత్తరాలు పూర్తిగా ఆపేసి ఉంచారు, ఇప్పుడు వీళ్ళే ఒక దారి తెరిచారు. బర్టన్ నుంచి బీర్ పీపాలు వచ్చేవి, పీపా మూత రంధ్రంలోంచి తడవని చిన్న గొట్టం లోపలికి జారవిడిచి అందులో ఉత్తరాలు పంపేవాళ్ళు. ఆ బీర్ వ్యాపారి మేరీ దగ్గరా డబ్బు తీసుకునేవాడు, కాపలా అధికారి పాలెట్ దగ్గరా తీసుకునేవాడు, అదీ చాలక బీర్ రేటు పెంచమని గొడవ చేశాడని పాలెట్ విసుక్కుంటూ రాశాడు. ప్రతి ఉత్తరాన్నీ వాల్సింగమ్ దగ్గర పనిచేసే థామస్ ఫెలిప్స్ విప్పి చదివేవాడు, ఆర్థర్ గ్రెగరీ అనేవాడు ముద్ర చెదిరినట్టు కనపడకుండా మళ్ళీ సీలు వేసేవాడు. మేరీ సైఫర్‌లో ఒక్కో అక్షరానికి ఒక గుర్తు, తరచూ వాడే పదాలకి విడిగా గుర్తులు, ఏ అర్థమూ లేని ఉత్తుత్తి గుర్తులు కొన్ని. కంటికి భలే కష్టంగా కనిపిస్తుంది గానీ ఫెలిప్స్ లాంటివాడికి అది పెద్ద విషయం కాదు, ఏ గుర్తు ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెడుతూ పోతే విడిపోయే రకమే. మేరీ మాత్రం ఆ సైఫర్‌ని నమ్మి మనసులో ఉన్నదంతా రాసేసింది, అదే ఆమె కొంప ముంచింది. సైఫర్ లేకపోతే కాస్త దాచి దాచి రాసేదేమో.

ఇప్పుడు మీరడిగిన అసలు పాయింట్. చంపాలన్న ఆలోచన వాల్సింగమ్ పుట్టించాడా అంటే, జాన్ సావేజ్ అనే సైనికుడు అప్పటికే రాణిని చంపుతానని ఒట్టేసుకుని ఉన్నాడు, జాన్ బాలర్డ్ అనే ప్రీస్టు ఫ్రాన్స్ వెళ్ళొచ్చి మేలో బాబింగ్టన్‌ని కలిసి విదేశీ సైన్యం వస్తుందని ఎగదోశాడు. జులై 6న బాబింగ్టన్ మేరీకి పెద్ద ఉత్తరం రాశాడు, ఆమెని విడిపించడం, సైన్యం దిగడం, తన స్నేహితులు ఆరుగురు కలిసి రాణిని అంతం చెయ్యడం, అన్నీ విడమరిచి పేపర్ మీద పెట్టాడు. ఒక్కసారి ఆలోచించండి, రాణిని చంపే ప్లాన్ ఎవరైనా కాగితం మీద పెడతారా? పాతికేళ్ళు నిండీ నిండని డబ్బున్న కుర్రాడు, మేరీ అంటే భక్తి. మేరీ జులై 17న జవాబు రాసింది, ఆ ఆరుగురు ఎలా ముందుకెళ్ళాలనుకుంటున్నారో అడిగింది, వాళ్ళు పని మొదలుపెట్టగానే తనని బయటికి తీసుకెళ్ళడానికి మనుషులు గుర్రాలతో రెడీగా ఉండాలంది. ఫెలిప్స్ ఆ ఉత్తరం విప్పి రాసిన కాపీ మీద ఉరికంబం బొమ్మ గీసి పంపాడు.

మీరన్న దొంగ లైన్లు దాని తర్వాత కలిపినవి, ఆ ఆరుగురి పేర్లు చెప్పమని. బాబింగ్టన్ చేత పేర్లు చెప్పించడానికి వేసిన ఎత్తు అది. కానీ అవి తీసేసినా మేరీ మీద కేసు అలాగే నిలబడుతుంది, విచారణలో కూడా ఆ లైన్లు వాడలేదు. తెలిసి కూడా నెలల తరబడి ఆపకుండా పెరగనిచ్చారు, దారి వీళ్ళే వేశారు, అంతవరకు వాల్సింగమ్‌ది తప్పే. కానీ కలం పట్టుకుని రాసింది బాబింగ్టన్, మేరీ.

వెలుగురేఖ:

పైన ఇద్దరూ బాగా చెప్పారు కానీ రాణులు, డ్యూకులు, గూఢచారులు తప్ప మామూలు కాథలిక్కుల గురించి ఎవరూ మాట్లాడట్లేదు, నాకు బాధగా ఉంది. కుట్ర చేసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది, మూల్యం కట్టింది మాత్రం వేలమంది.

ఒక్కో కుట్రకి చట్టాలు ఎలా బిగిశాయో చూడండి. 1559లో ఆదివారం చర్చికి రాకపోతే 12 పెన్నీలు ఫైను, చాలామంది ఏదో సర్దుకుపోయారు, వెళ్ళి కూర్చుని వచ్చి ఇంట్లో పాత ప్రార్థనలే చేసుకునేవాళ్ళు. 1581 వచ్చేసరికి అది నెలకి 20 పౌండ్లు అయింది! ఆ కాలంలో మామూలు రైతు కుటుంబం కలలో కూడా కట్టలేని సొమ్ము, కాస్త ఉన్నవాళ్ళు కూడా భూములు అమ్ముకున్నారు. ఎవరినైనా రోమ్ వైపు తిప్పితే రాజద్రోహం. 1585లో ఇంకా ముందుకెళ్ళి, ఎలిజబెత్ వచ్చాక విదేశంలో ప్రీస్టు అయినవాడు ఇంగ్లండ్‌లో కనపడితే చాలు రాజద్రోహం, ఏం చేశాడన్నది అక్కర్లేదు, అతనికి అన్నం పెట్టి ఇంట్లో ఉంచుకున్నా మరణశిక్షే అన్నారు.

యార్క్‌లో మార్గరెట్ క్లిథరో అని మాంసం వ్యాపారి భార్య ఉండేది. ప్రీస్టులకి ఇంట్లో చోటిచ్చిందని పట్టుకున్నారు. విచారణకి ఒప్పుకుంటే తన పిల్లలు, ఇంట్లోవాళ్ళు సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని ఆమె నోరు విప్పలేదు. అలా నోరు విప్పనివాళ్ళకి శిక్ష ఏంటంటే మీద బరువులు పెట్టి నలిపి చంపడం. 1586 మార్చి 25న అలాగే చంపేశారు. ఆమెకి బాబింగ్టన్ ఎవరో కూడా తెలిసుండదు. ఎడ్మండ్ క్యాంపియన్‌ని చూడండి, జెస్యూట్ అనే కాథలిక్ గురువుల సంఘం మనిషి, గొప్ప పండితుడు, రాజకీయాల జోలికి రాను, ఆత్మల కోసమే వచ్చానని చివరిదాకా చెప్పాడు. ర్యాక్ మీద చిత్రహింస పెట్టి, రోమ్, రైమ్స్‌లో రాణి మీద కుట్ర పన్నాడని కేసు కట్టి 1581 డిసెంబర్ 1న టైబర్న్‌లో చంపారు.

పట్టుబడిన ప్రీస్టుల్ని ఒకే ప్రశ్న అడిగేవాళ్ళు, రేపు పోపు సైన్యం పంపిస్తే నువ్వెవరి వైపు అని. రాణి వైపు అంటే మత ద్రోహం, పోపు వైపు అంటే ప్రాణం పోతుంది, జవాబు చెప్పకపోతే అదే సాక్ష్యం. దేవుణ్ణి నమ్మడానికీ దేశాన్ని ప్రేమించడానికీ మధ్య మనిషిని అలా నిలబెట్టడం కన్నా క్రూరత్వం ఏముంటుంది చెప్పండి. 1580లో అప్పటి పోపు పదమూడో గ్రెగరీ కాస్త సడలించి, పరిస్థితి ఇలా ఉన్నంతవరకు రాణి మాట వినొచ్చు అన్నాడు. ఆ "ఉన్నంతవరకు" చూసి సర్కారుకి అనుమానం ఇంకా పెరిగింది, అంటే అవకాశం వస్తే తిరగబడతారన్నమాట కదా అని.

1588లో స్పెయిన్ యుద్ధనౌకల దండు ఆర్మడా వచ్చినప్పుడు ఏమైంది? ఇంగ్లిష్ కాథలిక్కులు లేస్తారని స్పెయిన్ ఆశ పెట్టుకుంది, ఎవరూ లేవలేదు. పైగా కాథలిక్ అయిన మాంటేగ్యూ విస్కౌంట్ తన కొడుకునీ మనవడినీ వెంటేసుకుని గుర్రపు దళంతో రాణి ముందు నిలబడ్డాడు. అయినా సరే పేరున్న కాథలిక్కుల్ని ముందుజాగ్రత్తగా ఈలీలో బంధించి ఉంచారు.

తాళపత్రం:

వెలుగురేఖ గారూ, మీరు చెప్పింది పూర్తిగా ఒప్పుకుంటాను, క్లిథరో పేరు తెచ్చినందుకు థాంక్స్ అండి. ఒక్క మాట కలుపుతా. సర్కారు భయం పూర్తిగా ఉత్తదే అనడానికి కూడా లేదు, ఎందుకంటే ఆ ప్రీస్టుల్ని తయారుచేసే కాలేజీని 1568లో డూవేలో పెట్టిన విలియం ఆలెన్ ఉన్నాడు కదా, 1587లో కార్డినల్ అయ్యాడు, 1588లో ఆర్మడాకి సాయంగా లేవండి అని ఇంగ్లిష్ కాథలిక్కులకి స్వయంగా కరపత్రం రాశాడు. పంపిన గురువు దండయాత్ర కోరుకుంటున్నాడు, వెళ్ళిన శిష్యుల్లో ఎక్కువమంది పూజ చేసుకుని పాపసంకీర్తనాలు (జనం పాపాల ఒప్పుకోళ్ళు) వినడానికే వెళ్ళారు. ఆయన విదేశంలో క్షేమంగా కూర్చుని రాసిన మాటలకి ఇక్కడ వీళ్ళు ఉరి కింద నిలబడాల్సి వచ్చింది.

సిరాబుడ్డి గారి రెండో డౌట్‌కి. ఫ్రాన్స్ పంపిస్తే మేరీ గీజ్ కుటుంబం చేతిలో పడుతుంది, వాళ్ళు ఆమె పేరు మీద సైన్యం తీసుకొస్తారు. స్కాట్లాండ్ పంపిస్తే అక్కడి పెద్దలు చంపేస్తారు, లేదా మళ్ళీ గద్దెక్కితే ఉత్తర సరిహద్దులో ఫ్రెంచ్ మనుషులు దిగుతారు. అందుకని దగ్గరుంచుకోవడమే తక్కువ ప్రమాదం అనిపించింది. చంపడం మాత్రం ఎలిజబెత్‌కి వేరే లెక్క. అభిషేకం అయిన రాణిని కోర్టులో నిలబెట్టి తల తీయొచ్చు అని ఒకసారి ఒప్పుకుంటే, రేపు తనకీ అదే గతి పట్టొచ్చు. తల్లి యాన్ బొలీన్ తల అలాగే తీశారని ఆమెకి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు.

అందుకే 1586 అక్టోబర్‌లో ఫోదరింగే కోటలో మేరీ విచారణ అయ్యి శిక్ష ఖాయమయ్యాక కూడా మూడు నెలలు నాన్చింది. 1587 ఫిబ్రవరి 1న వారెంట్ మీద సంతకం పెట్టింది, పెట్టిన రోజే పాలెట్‌కి ఒక ఉత్తరం రాయించింది, బాండ్ మీద ఒట్టు పెట్టారు కదా, మీరే చప్పుడు లేకుండా ఆ పని చెయ్యలేరా అన్న అర్థంలో. పాలెట్ కరడుగట్టిన ప్రొటెస్టెంట్, మేరీ అంటే గిట్టదు, అయినా సరే నా మనస్సాక్షికి ఇంత మచ్చ తెచ్చుకోను అని తిరగ్గొట్టాడు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఇక్కడే. కౌన్సిల్ వాళ్ళు రాణికి మళ్ళీ చెప్పకుండా వారెంట్ పంపేశారు, ఫిబ్రవరి 8న శిక్ష అమలైంది. తర్వాత ఎలిజబెత్ ఏడ్చి గోల చేసి, వారెంట్ బయటికి ఇచ్చిన సెక్రటరీ డేవిసన్‌ని లండన్ టవర్ జైల్లో వేయించింది. ఆయన చేసిన తప్పల్లా రాణి సంతకం పెట్టిన కాగితాన్ని పై అధికారులకి అందించడం.

పాతరాయి:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పార్లమెంటుని మందుగుండుతో పేల్చబోయిన గై ఫాక్స్ పేరు ఎవరూ ఎత్తలేదే, అది కూడా ఇందులోకే వస్తుందా? అలాగే మేరీ ఉత్తరాలు ఈమధ్య కొత్తగా దొరికాయని ఎక్కడో చూశాను, వాటివల్ల ఈ కథ మారిందా?

కోటగుమ్మం:

గై ఫాక్స్ 1605 నవంబర్ కదండీ, అప్పటికి ఎలిజబెత్ పోయి రెండున్నరేళ్ళు, గద్దె మీద ఉన్నది మేరీ కొడుకు జేమ్స్, స్టువర్ట్ వంశం. మూలాలు మాత్రం ఇక్కడే ఉన్నాయి, తల్లి కాథలిక్ కాబట్టి కొడుకొస్తే ఊరట దొరుకుతుందని ఎదురుచూసినవాళ్ళు, దొరక్కపోయేసరికి తెగించారు.

ఉత్తరాల సంగతి నిజమే. పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో పదహారో శతాబ్దం మొదటి సగానికి చెందిన ఇటాలియన్ కాగితాలు అని క్యాటలాగ్‌లో రాసిపెట్టిన సైఫర్ ఉత్తరాలు ఉన్నాయి, ముగ్గురు కోడ్ పరిశోధకులు కంప్యూటర్ సాయంతో విప్పితే భాష ఫ్రెంచ్ అని తేలింది, రాసింది మేరీ అని తేలింది. 57 ఉత్తరాలు, 1578 నుంచి 1584 మధ్యవి, ఎక్కువ భాగం లండన్‌లోని ఫ్రెంచ్ రాయబారి కాస్టెల్నోకి రాసినవి. 2023 ఫిబ్రవరిలో ప్రకటించారు. బాబింగ్టన్ కథ వాటితో మారదు, అవి దానికన్నా ముందువి. కానీ వాల్సింగమ్‌ని నమ్మొద్దని ఆమె పదే పదే హెచ్చరించడం, కొడుకు గురించి బెంగ, తన ఆరోగ్యం, జైలు బాధలు అన్నీ ఉన్నాయి. వాల్సింగమ్ ఎలాంటివాడో అంత బాగా తెలిసిన మనిషి రెండేళ్ళ తర్వాత బీర్ పీపాని ఎలా నమ్మిందా అని చదివినప్పటినుంచి నా మనసు మనసులో లేదు. ఉత్తరాలు లేకుండా ఏడాది పాటు ఉంచితే ఏ దారి కనపడినా పట్టుకుంటారేమో మనుషులు.

సిరాబుడ్డి:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఒకటి మాత్రం అడగాలి. 1585లో విలియం పారీ కేసు కూడా చదివాను, ఆయన ఎంపీ, ముందు సర్కారు గూఢచారి, మరి ఆయన్నే రాణిని చంపబోయాడని చంపేశారు. ఇది కూడా నిజం కుట్రేనా? ఇంకా గిఫర్డ్ చివరికి ఏమయ్యాడు?

తాళపత్రం:

పారీది అన్నిట్లోకీ అయోమయం కేసండి. విదేశాల్లో కాథలిక్కుల మీద నిఘా పెట్టడానికి వెళ్ళి అక్కడే కాథలిక్ అయ్యాడు, తిరిగొచ్చి రాణికే చెప్పాడు నన్ను మిమ్మల్ని చంపమని అక్కడ ప్రోత్సహించారు అని, ఆమె క్షమించి పెన్షన్ కూడా ఇచ్చింది. తర్వాత జెస్యూట్ల మీద బిల్లు వస్తే పార్లమెంటులో లేచి ఒంటరిగా వ్యతిరేకించాడు. ఇంకొకడితో హత్య గురించి మాట్లాడితే వాడే వెళ్ళి చెప్పేశాడు. అతన్ని పరీక్షించడానికే మాట్లాడానన్నాడు పారీ, ఎవరూ నమ్మలేదు, 1585 మార్చి 2న వెస్ట్‌మిన్‌స్టర్‌లో చంపారు. మీ మొదటి ప్రశ్నకి బాబింగ్టన్ కన్నా ఇదే గట్టి ఉదాహరణ అంటాను, ఇక్కడ కుట్ర ఎక్కడ మొదలై గూఢచర్యం ఎక్కడ ఆగిందో ఎవరూ తేల్చలేరు.

కోటగుమ్మం:

గిఫర్డ్ గురించి నేను చెప్తా. బాబింగ్టన్ వాళ్ళని పట్టుకునేముందే జులై చివర్లో చెప్పాపెట్టకుండా ఫ్రాన్స్ పారిపోయాడు, వాల్సింగమ్‌కి కూడా ముందు చెప్పలేదు. వాల్సింగమ్ తర్వాత ఏడాదికి 100 పౌండ్ల పెన్షన్ ఇప్పించాడు. 1587లో రైమ్స్‌లో ప్రీస్టు అయ్యాడు. అదే ఏడాది డిసెంబర్‌లో పారిస్‌లో వేశ్యాగృహంలో పట్టుబడ్డాడు, కాథలిక్కులకి అప్పటికి వీడు చేసిందంతా తెలిసిపోయి ఉంది, మళ్ళీ బయటికి రానివ్వలేదు. 1590 నవంబర్‌లో జైల్లోనే చచ్చిపోయాడు, అదే ఏడాది ఏప్రిల్‌లో వాల్సింగమ్ కూడా అప్పుల్లో పోయాడు, ఇక విడిపించమని అడగడానికి లండన్‌లో వీడికి ఎవరూ లేకుండా పోయారు.